మతేరాలో అందరూ గుహలోనే పుట్టారు

ఇటలీలోని మతేరా ఊళ్లో ఇప్పుడు గుహలో పుట్టని ముసలివాళ్లు దొరకడం కష్టం. ఒకప్పుడు పుట్టినవాళ్లు దొరికేవారు కాదు. లేక కాదు, ఒప్పుకోక.

యుఫేమియా ఒప్పుకోనివాళ్లలో ఒకతె. మనుషులు, కోళ్లు, కంచరగాడిద ఒకే గుహలో కాపురం చేసిన ఇంటి పిల్ల. ఆ గుహలు దేశానికే సిగ్గుచేటని పెద్దలు తేల్చి జనాన్ని ఖాళీ చేయించాక, ఎగువ వీధిలోని బట్టల కొట్టువాళ్లింటికి కోడలైంది. ఆడపడుచు అద్దొలొరాతా మొదటిరోజే ముక్కు మూసుకుంది.

"ఏమే, కంచరగాడిదని కూడా వెంట తెచ్చావా?"

ఆ తర్వాత యుఫేమియా తన పుట్టుక సంగతి కన్నపిల్లలకు కూడా చెప్పలేదు.

ఆమె ముసలిదయ్యేసరికి యూరప్‌కి జ్ఞానోదయమైంది. మతేరా సాంస్కృతిక రాజధాని అంది. సిగ్గుచేటుకి సున్నం కొట్టి, దీపాలు పెట్టి, హోటళ్లు తెరిచారు. యుఫేమియా పుట్టిన గుహలో పశువుని కట్టేసేచోట స్నానాల తొట్టి వెలిసింది. అతిథులకు పొద్దున్నే పాతరోజులు చెప్పడానికి హోటల్ యజమాని దొనాతోకి, కుర్చీ వేసి కూర్చోబెట్టేందుకు ఒక ముసలమ్మ కావలసి వచ్చింది.

ఆ కుర్చీ యుఫేమియాకి కావాలి. చచ్చేలోగా 'ఇక్కడే పుట్టాను' అని నలుగురిలో అనాలి.

"ఏం చెప్తావత్తా?" అన్నాడు దొనాతో.

"మంచం ఇక్కడ. దాని కింద కోళ్లు. మా తమ్ముడు వితుచ్చో ఆ మూల జ్వరమొచ్చి పోయాడు. వాడి తర్వాతవాడూ అంతే."

"అబ్బ! వాళ్లు టిఫిన్ తింటుంటారత్తా. చావులు కాస్త తగ్గించు."

"నా చేతుల్లో ఉంటే అప్పుడే తగ్గించేదాన్ని నాయనా."

కుర్చీ అద్దొలొరాతాకి దక్కింది. మేడలో పుట్టిన ఆవిడ చెప్పే గుహలో ఈగైనా వాలదు. ఒకరోజు యుఫేమియా వెళ్లి అతిథుల వెనక నిలబడింది.

"ఈ గుహలోనే మా అమ్మ రొట్టెలు కాల్చేది" అంటోంది అద్దొలొరాతా.

"గుహలో ఎవరు కాల్చారు వదినా? పిండిముద్ద మీద ఇంటి ముద్ర వేసి ఊరుమ్మడి బట్టీకి పంపేవాళ్లం!"

"నువ్వెందుకొచ్చావే ఇక్కడికి?"

"పుట్టింది నేను గనక! ఈ గోడ పక్కనే పుట్టాను. నా తమ్ముళ్లిద్దరూ ఇక్కడే పోయారు."

భాష రాని అతిథులు దొనాతో వైపు చూశారు. అతను చిరునవ్వుతో ఇంగ్లీషులో చెప్పాడు: "మా హోటల్ రొట్టె అచ్చం ఆ కాలం రొట్టెలాగే ఉందంటోంది."

అందరూ చప్పట్లు కొట్టారు. యుఫేమియాకి ఇంగ్లీషు రాదు. చప్పట్లు తమ్ముళ్లకే అనుకుని, కళ్లు తుడుచుకుని, అందరికీ తల వంచి నమస్కరించింది.