తబేలా పిల్లులకు పని

హైదరాబాదులో దబీర్‌పురా దర్వాజా దాటాక ఎడమచేతి గల్లీలో ఒక గుర్రాల తబేలా ఉండేది. అందులో తొమ్మిది గుర్రాలు. ఆరు టాంగాలకు, మూడు పెండ్లి బరాత్‌లకు. వైకుంఠం అక్కడ ముప్పై ఏళ్లు సాయీసుగా వాటిని తోమాడు, మేపాడు, పొద్దున లద్ది ఎత్తాడు. పంతొమ్మిది వందల యాభై మూడులో ఒక టాంగా గుర్రం తన్నితే తొడ ఎముక విరిగింది. మూడు నెలలు మంచం మీదున్నాడు. ఎముక అతుక్కుంది గాని ఆ కాలు రెండంగుళాలు పొట్టిదైంది. తబేలా పనులు చూసే జమాదారు బాబూమియా ఆయనను పొమ్మనలేదు. దాణా కొట్టు చూసుకొమ్మన్నాడు.

కొట్టు నిండా శనగలు, ఉలవలు, తవుడు, వరిగడ్డి. వాటికోసం ఎలుకలు, ఎలుకల కోసం నాలుగు పిల్లులు. వైకుంఠం వాటికి పేర్లు పెట్టలేదు. నల్లది, గోధుమది, మచ్చలది, మొండితోకది అనేవాడు. గోతాల సందుల్లో అవి రోజంతా కాపు కాసేవి. ఆయన వాటిని పట్టించుకున్నదీ లేదు, అవి ఆయనను పట్టించుకున్నదీ లేదు.

రెండేళ్లకు తబేలా యజమాని, అందరూ మాలిక్ అనేవాడు, కొట్టులో సిమెంటు గచ్చు వేయించి, మూతలున్న రేకు డ్రమ్ములు దించాడు. ఒక్క ఎండాకాలంలో ఎలుకలు మాయమయ్యాయి. మిగిలిపోయిన రొట్టెలు, పాలు పిల్లులకు దొరుకుతూనే ఉన్నాయి. తినడం, పడుకోవడం. కొన్నాళ్లకు నల్లది లావెక్కి డ్రమ్ము మీదికి ఎగరడం మానేసింది. గోధుమదీ మొండితోకదీ ఊరికే కలబడి చెవులు చీరుకున్నాయి. మచ్చలది కడుపు కింద నాకి నాకి వెంట్రుకలన్నీ పీకేసుకుంది. అరచేయంత మేర చర్మం గులాబీ రంగుగా బయటపడింది.

వైకుంఠం దాన్ని ఎత్తి చూశాడు. పుండు లేదు, పురుగు లేదు. వానాకాలం నాలుగు రోజులు కట్టేసిన గుర్రం తల అటూ ఇటూ ఊపుతూ దాణాతొట్టి అంచు కొరకడం ఆయనకు తెలుసు. అలాంటప్పుడు సాయీసులు దాని ముందు తాడుకు ముల్లంగి వేలాడదీస్తారు. గుర్రం దాన్ని అందుకోవాలని పొద్దు గడుపుతుంది. ఇదీ అదే రోగమనుకున్నాడు. అయినా ఏమీ చేయలేదు. కాలు నొప్పిగా ఉంది, కూర్చుంటే లేవబుద్ధి కాదు.

జూన్ మొదట్లో మొండితోకది గుర్రాల కొట్టంలోకి దూరి, ఈగలను తోలుకుంటున్న బరాత్ గుర్రం తోక మీదికి దూకింది. గుర్రం తన్నిన తన్నుకు పక్కనున్న టాంగా నొగ విరిగింది. మనుషులెవరికీ తగల్లేదు.

బాబూమియా సాయంత్రం కొట్టుకు వచ్చి డ్రమ్ము మీద కూర్చున్నాడు.

"వైకుంఠం భాయ్, మాలిక్ గుస్సా మీదున్నడు. నాలుగింటిని సంచిల కట్టి మూసీ అవతల ఇడిసి రమ్మంటుండు."

"ఎలుకలు లెవ్వు గద. ఏం జేస్తయి అవి? పని లేక గట్ల జేస్తున్నయి."

"నాకు తెల్వదా? ఒక నెల ఆగుమని చెప్త. మళ్ల లొల్లి అయితే మాత్రం నాతోని కాదు."

ఆ రాత్రి ఇంట్లో వైకుంఠం ఆ సంగతి బాలమ్మతో చెప్పాడు. బాలమ్మ ఆయన భార్య. తెల్లారకముందే మూసీ ఒడ్డున గడ్డి కోసి, మోపులు కట్టి, టాంగావాళ్లకు అమ్ముకొస్తుంది. అంతా విని, "గుర్రాల కింద కాలు పోగొట్టుకుంటివి. ఇగ పిల్లుల చాకిరి కూడ జేస్తవా?" అని గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాటి నుంచి ఆయన ఆ చాకిరీ చేశాడు. కసాయి పారేసే గొర్రె ఊపిరితిత్తుల ముక్కలు తెచ్చి చిన్నగా కోసి, వరిగడ్డి కట్టల సందుల్లో, దూలం మీద, డ్రమ్ముల వెనక ఇరవై చోట్ల దాచాడు. గిన్నెలో పెట్టడం మానేశాడు. గోడకు మెట్లలాగా చెక్కలు కొట్టాడు. గుర్రపు తోక వెంట్రుకల తాడుకు పావురం ఈకలు కట్టి, కుంటుకుంటూ దాణా కొట్టు అంతటా ఈడ్చుకు తిరిగాడు. రెండు రోజులకోసారి గడ్డికట్టలను ఒకచోటి నుంచి మరోచోటికి మార్చాడు, పాత దారులు తెలియకుండా.

మొదటి వారం నల్లది కదలలేదు. గిన్నె ఉండే చోట కూర్చుని అరిచింది. గోధుమదీ మొండితోకదీ మెల్లగా వెతకడం నేర్చుకున్నాయి. కలబడటం తగ్గింది. మచ్చలది మాత్రం మూలన ముడుచుకుని కడుపు నాక్కుంటూనే ఉంది. ఈక దాని ముక్కు ముందు ఆడించినా కళ్లు మూసుకునేది.

"ఏందే, ఇంకేం గావాలె నీకు?" అని అడిగేవాడు. కోపం లేదు, ఓపికా లేదు.

మూడు వారాలకు కాలు వాచింది. జ్వరం వచ్చింది. వానలు అప్పుడే పట్టుకున్నాయి. బాబూమియా మనిషిని పంపి, నెల గడువు దగ్గర పడిందని గుర్తు చేయించాడు. మంచం మీద నుంచే వైకుంఠం బాలమ్మకు చెప్పసాగాడు: ముక్కలు ఎంత ఉండాలి, ఏ దూలం మీద, ఏ కట్ట సందులో.

"ఇర్వై జాగలల్ల దాచాల్నా? నేను మూడు గొట్టంగ లేస్త. నాతోని కాదు."

"ఊకె చూసి రా. తలుపు తెరిచి చూసి రా, చాలు."

ఆమె మరునాడు నెత్తిన తడిగడ్డి మోపుతోనే కొట్టుకు వెళ్లింది. బయటంతా బురద. దించడానికి చోటు లేక కొట్టులో గచ్చు మీద మోపు పడేసి, డ్రమ్ముకు ఆనుకుని కూలబడింది. తాడు జారి మోపు విచ్చుకుంది. దాంట్లోంచి మిడతలు లేచాయి, పచ్చవి, బూడిదరంగువి, పదుల కొద్దీ. గచ్చు మీద టపటపమని ఎగిరాయి.

ఇంటికొచ్చి ఆమె తీరిగ్గా కాళ్లు కడుక్కుని చెప్పింది. "మిడతల ఎంబడి పిల్లులు గోడలెక్కినయి. నల్లది సుత ఉరికింది. నీ ఈకలు గీకలు దేనికీ పనికిరావు."

"మచ్చలది?"

"అదే ముంగట లేచింది. నోట్ల ఒకటి, కాలి కింద ఒకటి వట్టింది. నవ్వొచ్చింది నాకు."

ఇరవై రోజులు కాలు ఈడ్చుకుంటూ వైకుంఠం చేయలేనిది, ఆమె అలసిపోయి మోపు పడేస్తే అయింది. మనసులో ఎక్కడో చివుక్కుమంది. అంతకంటే ఎక్కువగా, ఇక కాసేపు పడుకోవచ్చనిపించింది.

ఆ వానాకాలమంతా బాలమ్మ మోపులు మొదట దాణా కొట్టులోనే విప్పింది. దులిపి, మళ్లీ కట్టి, అప్పుడు అమ్మకానికి తీసుకుపోయేది. పిల్లులు గుర్రాల వైపు పోలేదు. మాలిక్ మళ్లీ అడగలేదని బాబూమియా చెప్పాడు. దసరా నాటికి మచ్చలదాని కడుపు మీద నూగు మొలిచింది, మునుపటికంటే తెల్లగా. మొండితోకది మాత్రం గల్లీలో ఎటో పోయి తిరిగి రాలేదు. రెండు రోజులు వెతికి వైకుంఠం మానుకున్నాడు.

చలికాలం గడ్డి ఎండింది. మిడతలు లేవు. ఆయన మళ్లీ ముక్కలు కోయడం, కట్టలు మార్చడం మొదలుపెట్టాడు. ఒక పొద్దున బాలమ్మ గుమ్మంలో నిలబడి ఆయన దూలం మీదికి చేయి చాచడం చూసింది.

"గంత తక్లీఫ్ దేనికి? వాటికి తిండి ఉన్నది, నీడ ఉన్నది."

ఆయన చేయి దించి, ఆయాసం తగ్గేదాకా ఆగాడు. "అవి ఊకె కూసుంటే చూడలేను" అన్నాడు.

ఆమె ఆయన చేతిలోంచి ముక్క తీసుకుని, మునివేళ్ల మీద లేచి, దూలం మీద పెట్టింది.