ధనిష్ఠలో ఇంటికి పోయిన అవ్వ

అబద్ధం ఆడకుండా ఆ వార్డులో నర్సు ఉద్యోగం చేసినవాళ్లుంటే చూపించండి, కాళ్లకు మొక్కుతాను. డెబ్బైల చివర్లో వరంగల్‌లో ఒక దవాఖానలో పనిచేసేదాన్ని. ఇక నయం కాదని తేలినవాళ్లను ఉంచే మూల మంచాలు నా డ్యూటీ. డాక్టర్లు ఆశ వదిలేసిన తొర్రూరు రైతొకడు ఇంటికి పోయి, రెండు నాటుకోళ్లు తిని, మళ్లీ పెళ్లి చేసుకున్నాడని అందరికీ చెప్పేదాన్ని.

కడుపులో గడ్డతో వచ్చిన కిరాణా కొట్టు అవ్వ ఒక్కతే నా అబద్ధం పట్టుకుంది.

"మొన్న వాడు స్టేషన్ ఘన్‌పూరోడని చెప్పినవు గదనే. గింతల్నె తొర్రూరోడెట్లయిండు?"

"ఊరు మారితేంది అవ్వా, కోళ్లు అవే గద."

"నీ కోళ్ల మొహం మండ. నాకెన్నొద్దులున్నయో చెప్పు."

"నువ్వు తిట్టుడు బంద్ చేసిన్నాడు పోతవు. ఇప్పట్ల లేదు తియ్యి."

నవ్వింది. నవ్వితే నొప్పి, నొప్పి లేస్తే మళ్లీ నాకే తిట్లు. వీపు తుడిస్తే గిన్నెలు తోముతున్నావా అనేది. నేను సెలవు పెట్టిన రోజున మాత్రం ఎవరిచ్చినా మంచినీళ్లు ముట్టేది కాదట. మర్నాడు నన్ను చూడగానే, "సచ్చినవనుకున్న" అనేది.

ఆమె కోరిక ఒక్కటే. తను ఇటుకలు మోసి కట్టుకున్న ఇంట్లో ప్రాణం పోవాలి. కొడుకు ఒప్పుకోలేదు. అప్పుడు ధనిష్ఠ పంచకం, ధనిష్ఠతో మొదలయ్యే ఐదు నక్షత్రాల రోజులు నడుస్తున్నాయి. ఆ రోజుల్లో ఇంట్లో మనిషి పోతే ఆర్నెల్లు ఇల్లు మూసి అందరూ బయటికి పోవాలి. వాళ్ల కొట్టు ఆ ఇంటి ముందు గదిలోనే ఉంది.

"జర ఈ నాలుగొద్దులు ఆగేటట్టు సూడు సిస్టరమ్మా," అన్నాడు బస్సు ఆపమన్నంత తేలిగ్గా, తల్లి మంచం పక్కనే నిలబడి.

"ఆగుత బిడ్డా," అంది అవ్వ. "నువ్వు గల్లాపెట్టెకు తాళమేసుకొని వచ్చేదాక ఆగుత."

వాడు పోగానే నా మణికట్టు పట్టుకుంది. "ఇన్ని అబద్ధాలాడుతవు. పనికొచ్చేది ఒక్కటన్న ఆడరాదే."

మర్నాటికి అవ్వ అరికాళ్లు చల్లబడ్డాయి. కొడుకు రాగానే ఎదురెళ్లాను.

"డాక్టర్ సాబ్ సూసిండు. ఇంకో నెల ఫికర్ లేదు. ఇంట్ల వేడి గంజి తాపితే లేసి నడుస్తది."

డాక్టర్ ఆ వైపు తొంగి కూడా చూడలేదు. దవాఖాన చుట్టూ తిరిగే బాధ తప్పిందని వాడు సంబరంగా రిక్షా పిలిచాడు. గ్లూకోజు సీసా, దూది సంచిలో వేసుకొని నేనూ వెంట పోయాను.

కోడలు తెలివైంది. రిక్షాలో అత్త మొహం చూడగానే, "లోపల గాలాడది" అని కొట్టు ముందు రేకుల కింద, వీధిలో మంచం వేయించింది. పప్పు కొనుక్కునేవాళ్లు అవ్వ మీదుగా చేతులు చాపి పొట్లాలు అందుకుంటున్నారు.

"గ్లూకోజు ఎక్కియ్యాలె," అన్నాను. "సీసా దేనికి కట్టాలె? లోపల ఊయల కొక్కెం లేదా?"

కోడలు కళ్లెర్రజేసింది. నెల రోజుల మాట నమ్మిన కొడుకు మంచం లోపలికి ఎత్తించాడు. కొక్కేనికి సీసా వేలాడదీశాను. సూది గుచ్చడానికి నరం మాత్రం దొరకలేదు.

అవ్వ కళ్లు తెరిచింది. దూలాల వైపు చూసింది.

"ఇదెవరిల్లే?"

"నీదే అవ్వా. వచ్చేసినం."

"నాది గాదు. గీ చీకట్ల పడేసినవేంది? నా మంచం కాడికి తోల్కపో నర్సమ్మా."

ఏ నొప్పికీ ఏడవని మనిషి చిన్నపిల్లలా ఏడ్చింది. ఇది నీ ఇల్లేనని ఎంత చెప్పినా వినలేదు. సంచిలోంచి దూది తీసి, స్పిరిట్‌లో ముంచి, ఆమె ముక్కు దగ్గర పెట్టాను.

"ఇది వార్డే అవ్వా. కిటికీలు మూసిన, అందుకే చీకటి."

వాసన పీల్చింది. "గట్ల చెప్పు మరి," అంది. తిట్టడానికి నోరు తెరిచింది. మళ్లీ మూయలేదు.

కొడుకు గడప దగ్గర నిలబడి గొంతు తగ్గించాడు. "సిస్టరమ్మా, బయటున్నప్పుడే పోయిందని చెప్పరాదు? నక్షత్రం జూసే అయ్యగారు నీ మాటింటడు."

"ఇంట్లనే పోయింది," అన్నాను, పప్పు కొనేవాళ్లకు వినబడేటట్టు.

కోడలు నన్ను తిడుతూనే చంకలో పిల్లాడితో పొయ్యి మీది గిన్నె దించింది. సాయంత్రానికి బియ్యం బస్తాలు రిక్షాలెక్కాయి. నేను సీసా విప్పుకొని డ్యూటీకి పోయాను.