కొండెక్కే బండి కోసం కుప్పం దాకా

మా భజన బృందంలో ఏడుగురం. ప్రతి ఏకాదశికీ నిమ్మనపల్లె దగ్గర కొండ మీదున్న నరసింహస్వామి గుడిలో పాడతాం. కిందటి ఏకాదశినాడు బాడుగ వ్యాను కొండ కిందే ఆగిపోయింది. పైకి ఉన్నది రాళ్ల బాట. మేము నడిచి ఎక్కాం. మాకందరికీ పాట నేర్పిన గంగులప్ప మాత్రం మోకాళ్ల నొప్పులతో వ్యానులోనే ఉండిపోయాడు. "మీరు పోయి రాండప్పా. పాట ఈడికి ఇనపడతాది. తప్పు పాడితే ఈడ్నుంచే అరుస్తా" అన్నాడు. మేం దిగి వచ్చేసరికి ఒక్కడే కళ్లు మూసుకొని తాళం వేస్తున్నాడు. ఆయన్ను కొండ మీదికి చేర్చే బండి కొనాలని ఆ రోజే నిశ్చయించుకున్నాను.

మళ్లీ ఏకాదశికి నాలుగు రోజులుందనగా నేనూ గంగులప్పా బయలుదేరాం. చూడవలసినవి రెండు బండ్లు. పుంగనూరులో ఒక పాత జీపు, కుప్పంలో ఏడాది మాత్రమే వాడిన కొత్త రకం పెద్ద బండి. రెండోదాని ఫోటో వారం రోజులుగా నా బట్టల అంగడిలో లక్ష్మీదేవి పటం పక్కనే ఉంది. శరీరం రథమనీ, ఇంద్రియాలు గుర్రాలనీ, పగ్గాలు వదలరాదనీ భజనల మధ్య ఊరూరా చెప్పేవాణ్ణి. రథం వెండి రంగులో ఉంటే ఏం చేయాలో నాకెవరూ చెప్పలేదు.

ఉదయం 5.40కి మదనపల్లెలో బస్సెక్కాం. పక్క సీట్లో ఖాళీ టమాటా బుట్టలతో కూర్చున్న ఆమె మా సంగతి విని నవ్వింది. "బండి కొనేదానికి బస్సులో పోతాండారా? వచ్చేటప్పుడు గూడా బస్సులోనే వస్తారు, సూడండి!" గంగులప్ప కూడా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

6.30కి పుంగనూరు. బస్టాండు ఎదురుగా ఇడ్లీ, శనక్కాయల చట్నీ బాగున్నాయి. ఈ దారిన వెళ్లేవారు అక్కడే తినవచ్చు. జీపు యజమాని పశువుల డాక్టరుగా చేసి రిటైరైన పెద్దమనిషి. జీపుకు ఆకుపచ్చ రంగు వెలిసిపోయింది. పైన టార్పాలిన్‌కు అతుకులు. కూర్చుంటే ఇనుము తగిలింది.

"వానొస్తే లోపల పడతాదా సార్?" అన్నాను.

"పడతాది. గొడుగు పెట్టుకోండి. కానీ దూడ అడ్డం తిరిగిందని ఏ గుట్ట మీదికి పిలిచినా నన్ను తీసకపోయింది. యాడా నిలబెట్టలేదు."

తాళం తిప్పగానే స్టార్టయింది. గంగులప్ప వెనకనున్న ఇనుప మెట్టు మీద కాలు పెట్టి, కమ్మీ పట్టుకొని తనంతట తానే ఎక్కి కూర్చున్నాడు. నేను ఆ సంగతి పట్టించుకోలేదు. టార్పాలిన్ అతుకులు లెక్కపెడుతున్నాను. రేపు ఇంకొకరు వస్తున్నారనీ, సాయంత్రం దాకా మాత్రం మాకోసం ఉంచుతాననీ డాక్టరు చెప్పాడు.

7.45కి పలమనేరు బస్సు. అక్కడ మారి, వి.కోట మీదుగా 11 గంటలకు కుప్పం చేరాం. బండి యజమాని గ్రానైటు వ్యాపారి. షెడ్డులో కప్పిన దుప్పటి ఆయన తీస్తుంటే, గర్భగుడి తెర తీసినప్పటిలాగే నా చేతులు వాటంతటవే కలిశాయి. ఏసీ, సీడీ ప్లేయరు, స్టెపినీకి మెరిసే మూత!

"కొండలూ గిండలూ దీనికి లెక్కలేదప్పా. కంపెనీ పుస్తకంలో దీన్ని ఏటి మధ్యలో నిలబెట్టిన ఫోటో ఉండాది సూడు" అన్నాడాయన. చూశాను. రెండుసార్లు చూశాను.

మనసు ముందే నిర్ణయించుకున్నాక దైవాన్ని అడగడం నా అలవాటు. దగ్గర్లోని అమ్మవారి గుడికి వెళ్లి పూలు అడిగాను. పని చెప్పుకుంటే పూజారి విగ్రహం రెండు భుజాల మీదా తడి పూలు పెడతాడు. అమ్మవారి కుడివైపు పువ్వు ముందు పడితే చేయమని, ఎడమది పడితే వద్దని అర్థం. ఎడమది పడింది. మూడుసార్లు అడగవచ్చన్నాను. మళ్లీ ఎడమ. మూడోసారి పూజారి చెయ్యి తీసీ తీయకముందే ఎడమ.

"మనం ఎదురుగా ఉన్నాం. మనకది కుడివైపే కదా!" అన్నాను. బిడ్డ మేలు కోరే తల్లి బిడ్డ వైపునుంచే చూస్తుందని పది నిమిషాలు వ్యాఖ్యానం కూడా చెప్పాను. పూజారి హారతి పళ్లెం చాచాడు. గంగులప్ప చివర పడిన పువ్వు తీసుకొని తువ్వాలు కొసన ముడి వేసుకున్నాడు. "ఇన్నేండ్లుగా అమ్మకు తెలీని కుడి ఎడమలు ఈ పొద్దు నువ్వు నేర్పించినావు నాయనా" అన్నాడు.

పన్నెండున్నరకు బండి నడిపి చూడబోయాం. మెట్టు లేదు. లోపలి సీటు గంగులప్ప నడుము ఎత్తున ఉంది. నేనూ వ్యాపారీ చెరొక చంక కింద చేతులు వేసి లేపాం. "ఉత్సవ విగ్రహం మాదిరి మోస్తాండారే, మేళం యాడప్పా?" అన్నాడు గాల్లోంచి. అప్పుడు గుర్తొచ్చింది, పొద్దున ఈయన జీపులోకి తనే ఎక్కాడని.

"ఒకసారి మీ క్వారీ దారిలో పోదాం" అన్నాను.

వ్యాపారి ముఖం మారిపోయింది. "రాళ్లలోకా? యాలప్పా! గీతలు పడవా?"

"మరి మీరు క్వారీకి దేంట్లో పోతారు?"

ఆయన జవాబు చెప్పేలోపే గేటులోంచి ఒళ్లంతా తెల్లటి రాతి దుమ్ముతో ఒక పాత జీపు వచ్చి ఆగింది.

"దాంట్లో" అన్నాడు.

"అదైతే అమ్ముతారా?"

"దాన్ని అమ్మేస్తే నేను పని యెట్ల చేసుకోవాల?"

1.15కి తిరుగు బస్సెక్కాం. టమాటాల ఆమె మాట పుంగనూరు దాకా నిజమైంది. నాలుగు గంటలకు డాక్టరు ఇంటి ముందు జీపు కనిపించేదాకా నాకు ఊపిరాడలేదు. ధర మాట్లాడుకొని, డబ్బిచ్చి, బండి తాళం తీసుకొని బయలుదేరితే మదనపల్లె దాటగానే తుంపర మొదలైంది. గంగులప్ప జీపులోనే గొడుగు తెరిచాడు. "కొండకు పోనీ నాయనా" అన్నాడు.

"ఈ పొద్దు ఏకాదశి కాదు గదన్నా."

"స్వామి యాడికన్నా ఊరికి పోయుంటాడా?"

రాళ్ల బాటలో జీపు ఎగిరింది, మూలిగింది, మా నడుములు విరిచింది, ఆగలేదు. ఆ రోజంతటికీ నేను మనసారా దైవాన్ని తలచుకున్నది ఆ కాసేపే. ఎటు పోవాలో చెప్పమని కాదు.

పొద్దు కుంకే వేళకు గుడి ముందు ఆపాను. తలుపులు మూసి ఉన్నాయి. గంగులప్ప మెట్టు మీదుగా మెల్లగా దిగి, తువ్వాలు ముడి విప్పి, కుప్పం పువ్వును జీపు ముందు భాగం మీద పెట్టాడు. ఇంజను ఇంకా ఆడుతోంది, రేకు వణుకుతోంది.

"ఇంకో మారు అడుగుతావా?" అన్నాడు.

నేను సంచిలోంచి భజన తాళాలు తీశాను. మూసిన తలుపుల ముందు గంగులప్ప గొంతెత్తాడు. పువ్వు ఎటువైపు పడిందో ఇద్దరం చూడలేదు.