మా ఆయన ఎండలో వెతికిన వెలుగు

2004 జనవరి 12, సోమవారం, ఉదయం ఆరు గంటల యాభై నిమిషాలకు మా ఆయన పెరట్లో చెప్పులు విడిచి, కళ్లద్దాలు తీసి కిటికీలో పెట్టి, సూర్యుడిని సూటిగా చూడడం మొదలుపెట్టాడు. టైం నేనే చూశాను. ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పినదాన్ని. గడియారం చూడకుండా ఏదీ గుర్తుపెట్టుకోలేను.

అప్పటికి ఆయన మణుగూరు బొగ్గుబావి నుంచి రిటైరై రెండు నెలలు. క్వార్టర్ ఖాళీ చేసి అడవి అంచున కిరాయి ఇంట్లో దిగాం. మాది చర్చికి పోయే కుటుంబమే కానీ ఆయనకు పాస్టరు ప్రసంగం పట్టేది కాదు, బాబాల మాటా పట్టేది కాదు. దేవుడికీ తనకూ నడుమ ఇంకో మనిషి ఉండకూడదని పంతం. పొద్దున సూర్యుడిని రెప్పవేయకుండా చూస్తే, రోజూ కొంచెం పెంచుకుంటూ పోతే, లోపలి కన్ను తెరుచుకుంటుందని బస్సులో ఎవరో చెప్పారట. మిగతా పద్ధతంతా ఆయన సొంతం. ఈస్టర్‌కు పూర్తి కావాలన్న గడువూ ఆయన పెట్టుకున్నదే.

"కండ్లు పోతయి," అన్నాను మొదటి రోజే.

"పోవు. ముప్పై నాలుగేండ్లు భూమి కింద చీకట్ల దాచిపెట్టిన కండ్లు ఇవి. మీ లెక్క ఎండకు అరిగినయి కావు."

ఆ మాట బొగ్గుబావిలో బతికిన మనిషికే తోస్తుంది. చీకట్లో గడిపిన ఏళ్లన్నీ చూపుగా జమ అయ్యాయని ఆయన నిజంగానే నమ్మాడు.

జనవరిలో మంచు ఉండేది. పొద్దు టేకు ఆకుల వెనక ఎర్రగా, మెత్తగా లేచేది. ఫిబ్రవరిలో మంచు పోయింది, టేకు ఆకులూ రాలిపోయాయి. అప్పటికి ఆయన నిలబడే సమయం పావుగంట దాటింది. కళ్ల నుంచి నీళ్లు కారి గడ్డం మీదికి వచ్చేవి. తుడుచుకునేవాడు కాదు. నేను వంటింటి గుమ్మంలో, ఆయన ఏరాల్సిన బియ్యం చేట పట్టుకుని, ఎప్పుడు తల తిప్పుతాడా అని చూసేదాన్ని.

పక్కింటామె గోడ మీద నుంచి తొంగిచూసి నవ్వేది. "టీచరమ్మా, మా వడియాలు ఎండుతలేవు. ఎండంత సారే తాగుతున్నడు!"

ఆయనతో ఒకే షిఫ్టులో పనిచేసిన స్నేహితుడు ఒకరోజు వచ్చి బతిమాలాడు. "అన్నా, బొగ్గుబాయిల ఎదురొచ్చినోని మొఖం మీద మన టోపి లైటు పడొద్దని తల పక్కకు తిప్పుకునేటోళ్లం గద. గంత చిన్న లైటుకే కండ్లు చిట్లించినోళ్లం. గిదేం పనే?"

"అది మనిషి లైటురా. ఇది దేవుని లైటు."

"దేవుడు గూడ జర తల పక్కకు తిప్పుకుంటే మంచిగుండు," అన్నాడతను. ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మార్చి వచ్చాక ఆయన నాతో మాట్లాడేటప్పుడు నా చెవి పక్కన గోడను చూడడం మొదలైంది. కోపమేమో అనుకున్నాను. పేపరు మానేశాడు. అన్నీ అబద్ధాలే రాస్తున్నారన్నాడు. సైకిలు మూలన పెట్టాడు. పంక్చరన్నాడు. నొక్కి చూస్తే రెండు చక్రాల్లోనూ గాలి నిండుగా ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మార్చి 21, ఆదివారం. నేను చర్చి నుంచి వచ్చేసరికి ఎదురొచ్చి నా చేయి పట్టుకున్నాడు. ఆయన ముఖంలో అంత సంతోషం పెళ్లినాడు కూడా చూడలేదు.

"వచ్చిందే! కండ్లు మూసినా పోతలేదు. నడుమల బంగారు బిళ్ల లెక్క నిలిచింది. మూడు దినాలాయె. రూఢి చేసుకుని చెప్పాల్నని ఆగిన."

దగ్గరికి జరిగాను. "నా మొఖం చూడున్రి. ఏం కనబడుతుంది?"

"వెలుగు."

"కండ్లద్దాలు పెట్టుకున్ననా, తీసిననా?"

చాలాసేపు చూశాడు. "పెట్టుకున్నవ్," అన్నాడు నమ్మకంగా.

అవి నా చేతిలో ఉన్నాయి.

మరునాడు మొదటి బస్సుకు ఖమ్మం పోయాం. తన కళ్లలోకి వచ్చింది ఏమిటో డాక్టరు కూడా చూడాలని ఆయన ఉత్సాహంగానే బయలుదేరాడు. కంట్లో చుక్కలు వేసి, లైటు పెట్టి చూసి, వెల్డింగ్ పని చేస్తారా అని అడిగాడు డాక్టరు. లేదన్నాను. ఏం చేశాడో చెప్పాను.

"కంటి లోపలి పొర నడుమ కాలిందమ్మా. దీనికి మందు లేదు. ఇప్పుడు ఆపితే చుట్టూ ఉన్న చూపు నిలుస్తది. ఇంకా చూస్తే చెప్పలేను."

"మరి ఆ బిళ్ల?" అన్నాడు మా ఆయన.

"అది కాలిన చోటు."

తిరుగు బస్సులో ఆయన కళ్లు మూసుకుని కూర్చున్నాడు. ఒప్పుకున్నాడనుకున్నాను. మంగళవారం తెల్లవారి గడియ తీసిన చప్పుడుకు లేచి పరుగెత్తాను. పెరట్లో నిలబడి ఉన్నాడు, తల ఎత్తి, తూర్పుకు.

"ఈస్టర్‌కు ఇంక పందొమ్మిది దినాలే," అన్నాడు. "అడ్డం రాకు."

నేను ఆయనకంటే జానెడు పొట్టి. బట్టలుతికే బండ ఎక్కి ఆయన ముందు నిలబడి, రెండు చేతులతో ఆయన కళ్లు మూశాను. నా మణికట్లు పట్టుకున్నాడు. తట్ట, పార పట్టిన చేతులు. ఒక్క విసురు విసిరితే నేను పక్కనున్న నీళ్ల బావి గట్టు మీద పడతాను. అది ఇద్దరికీ తెలుసు. ఎండ నా మెడ మీదికి వచ్చింది. చేతులు తీయలేదు.

"జరుగు."

"జరగ."

"ఆ డాక్టరు నాలుగు చుక్కలేసి చూసినోడు. వానికేం ఎరుక?"

"మీకు నా మొఖం కనపడదు. అది నాకెరుక."

చాలాసేపటికి నా అరచేతుల కింద ఆయన రెప్పలు తడిశాయి. "అది కాలిన మచ్చే అయితే, నేనిన్ని దినాలు దేన్ని చూసినట్టే?" అన్నాడు మెల్లగా.

పట్టు వదిలాడు. గోడ తడుముకుంటూ లోపలికి పోయాడు. మళ్లీ తూర్పుకు తిరిగి నిలబడలేదు.

పోయినవి: కుడి కంట్లో నడిమి చూపు మొత్తం. ఎడమ కంట్లో సగానికి పైన. పేపరు. బైబిలు. సైకిలు. ఆదివారం పేకాట. బియ్యంలో రాళ్లు ఏరడం, ఇంట్లో అది ఆయన పనే. ఎదురుగా నిలబడిన మనిషి ముఖం, నాది కలుపుకుని. డెబ్బై ఉదయాలు.