పిన్ని జరిపిన గీత

మా పిన్ని పోయింది. రంగత్‌లో నేను బడిలో పాఠం చెబుతుండగా బాబాయి ఫోన్ చేశాడు. "మీ పిన్ని ఎల్లిపోయిందే అమ్మలూ. టీ అడిగింది, నేను తెచ్చేసరికి లేదు" అన్నాడు. పోర్ట్ బ్లెయిర్ బస్సెక్కి కూర్చున్నాక, ఏడుపు కంటే ముందు నాకు కంగారు పుట్టింది. అక్టోబరులో మీటింగు ఉంది. ఆవిడ కుర్చీలో ఇప్పుడెవరు కూర్చుంటారు?

చదివేవాళ్ళకి ఇది వింతగా ఉండొచ్చు. మా పిన్ని ఎవరో చెబితే అర్థమవుతుంది.

మా తాతయ్య శ్రీకాకుళం వైపునుంచి ఈ దీవులకి హార్బర్ పనికి వచ్చినవాడు. అమ్మా పిన్నీ పోర్ట్ బ్లెయిర్‌లోనే, హాడో పోర్టు క్వార్టర్సులో పుట్టారు. అమ్మ పెళ్ళి చేసుకుని ఇక్కడే ఉండిపోయింది. పిన్ని సముద్ర జీవుల మీద చదువుకుని సైంటిస్టయింది, ఓడెక్కి దక్షిణ ధ్రువం చుట్టూ ఉండే మంచు సముద్రం దాకా వెళ్ళింది. మా వంశంలో మంచు చూసిన మొదటి మనిషి ఆవిడే.

తిరిగొచ్చి ఊళ్ళోనే ఆస్టినాబాద్‌లో ఇల్లు కట్టుకున్నాక కూడా ఆవిడ ధ్యాసంతా అక్కడే. పొద్దున లేవగానే ఫోన్‌లో శాటిలైటు తీసిన ఆ సముద్రం బొమ్మ చూసేది. మిగతావాళ్ళు బీపీ సంగతి చెప్పినట్టు, "ఇవాళ తెలుపు తగ్గింది" అనేది. అలా అన్న రోజు వంటింట్లో గిన్నెల చప్పుడు తప్ప ఇంకేమీ వినబడేది కాదు. బాబాయి పేపరు పట్టుకుని వరండాలోకి జరిగిపోయేవాడు.

ఒకసారి రొయ్యపొట్టు వేయిస్తూ నాకు క్రిల్ గురించి చెప్పింది. చూడ్డానికి ఇంచుమించు ఈ చిన్న రొయ్యలాగే ఉంటుందట. సముద్రం మీద గడ్డకట్టిన మంచు అడుగున పాచి పడుతుంది, చలికాలమంతా క్రిల్ పిల్లలు ఆ పాచి తిని బతుకుతాయి. వాటిని తిని పెంగ్విన్లు, సీల్సు, తిమింగలాలు బతుకుతాయి. "మనం మంచుని పైకప్పనుకుంటామే. వాటికది నేల" అంది. వేగుతున్న మూకుడు దించడం మర్చిపోయింది. ఆ పూట మాడిన పొట్టే తిన్నాం.

ఆవిడని మార్చేసిన సంగతి మాత్రం ఒక్కసారే చెప్పింది. రెండోసారి వెళ్ళినప్పుడు వాళ్ళ ఓడ ఒక మంచు తీరం దగ్గర ఆగింది. ఒడ్డును అంటిపెట్టుకుని ఉండే మంచు మీద ఎంపరర్ పెంగ్విన్ పిల్లలు గుంపులుగా ఉన్నాయి. ఒంటినిండా ఇంకా బూడిదరంగు నూగే. నీటికి తడవని ఈకలు రావడానికి మరికొన్ని వారాలు పట్టాలి. ఆ ఏడాది మంచు ముందే విరిగింది. పిల్లలు నిలబడ్డ పలక ఊగుతూ ముక్కలవుతుంటే వీళ్ళు డెక్ మీదనుంచి చూశారు. కొన్ని పెద్ద ముక్కల మీద దూరంగా కొట్టుకుపోయాయి. కొన్ని నీళ్ళలో పడ్డాయి, నూగు తడిసి బరువెక్కి తేలలేకపోయాయి. "మేం ఏమీ చెయ్యకూడదు, ముట్టుకోకూడదు. చెయ్యగలిగిందీ లేదు" అంది.

ఆ ప్రయాణం తర్వాత పిన్ని పరిశోధన తగ్గించి, ఆ సముద్రం గురించి దేశాలన్నీ ఏటా అక్టోబరులో పెట్టుకునే మీటింగులకి వెళ్ళడం మొదలుపెట్టింది. కరిగే మంచుని ఎవరూ ఆపలేకపోయినా, ఆ నీళ్ళలో క్రిల్ పట్టే ఓడల్నైనా ఆపితే, మిగిలిన జీవాలకి తిండైనా మిగులుతుందని ఆవిడ వాదన. మ్యాపు మీద గీత గీసి, ఇంతమేర రక్షిత ప్రాంతం అనాలి. దానికి ఆ బల్ల చుట్టూ కూర్చున్న దేశాలన్నీ ఒప్పుకోవాలి. ఒక్కరు కాదన్నా లేనట్టే.

ఒక ఏడాది ఒప్పందం చేతికందేంత దగ్గరికొచ్చింది. గీతని కాస్త లోపలికి జరిపితే సంతకం చేస్తామని కొందరన్నారు. అలా జరిపితే ఆ పిల్లలు మునిగిన తీరం గీతకి బయటపడుతుంది. కొంతైనా దక్కుతుందని పిన్ని ఒప్పుకుంది, కొత్త గీత తన చేత్తోనే గీసింది. ఆఖరి రోజున ఒక దేశం అడ్డం చెప్పింది. మరుసటి ఏడు చర్చ ఆ చిన్న గీత దగ్గరనుంచే మొదలైంది. పాతది ఎవరికీ గుర్తులేనట్టే మాట్లాడారట.

అప్పటినుంచి ఆవిడకి స్థిమితం లేదు. "గీత లోపలికి జరపడం సులువే. బయటికి జరపడమే చేతకాదు" అని తనలో తనే అనుకునేది. బజారులో చేపలమ్మే ఆయన ఓసారి, అక్కడ పెంగ్విన్లు పోతే మనకేంటి దీదీ అని అడిగాడు. పిన్నికి కోపం రాలేదు. "ఇక్కడ మన పగడాలు తెల్లబడినప్పుడు కూడా ఎక్కడో ఎవడో ఇదే అనుంటాడు భయ్యా" అంది. ఆయన చేప తూచాడు.

కిందటేడు గుండె జబ్బు ముదిరి, డాక్టరు ప్రయాణాలు వద్దన్నాడు. ఇంట్లోంచే స్క్రీన్ మీద మాట్లాడతానంది. దసరా సెలవులకని నేను అక్కడే ఉన్నాను. వానకి నెట్ పోతూ వస్తూ ఉంటే బాబాయీ నేనూ ప్రాణాలు ఉగ్గబట్టుకున్నాం. ఆవిడ వంతు వచ్చింది. ఇంగ్లీషులో, తొందర లేకుండా మాట్లాడింది. ఆ గీత జరిపింది నేనే, తప్పు చేశాను, ఆ పిల్లలు నిలబడే చోటు దానికి బయట ఉండిపోయింది, పాత గీతని మళ్ళీ చర్చకి తీసుకోండి అని అడిగింది. అవతల చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. నెట్ పోయిందనుకున్నాం.

పోలేదు. వచ్చే మీటింగులో పాత గీతని చర్చకి పెడతామన్నారు. సంతోషమా అని అడిగాను. "భయమే. ఇంకో ఏడాది ఆగాలి కదా. నేనాగగలను, మంచు ఆగాలిగా" అంది.

ఆవిడే ఆగలేదు.

మీటింగు మొన్న ముగిసింది. ఆవిడతో పనిచేసిన అమ్మాయి ఫోన్ చేసి, పాత గీతే బల్ల మీదికి వచ్చిందని చెప్పింది. ఒప్పందం మాత్రం కుదరలేదు, మళ్ళీ వచ్చే ఏటికి వాయిదా. గీత తన చోటికి తను చేరింది. అంతవరకు పిన్ని గెలిచినట్టే. కానీ ఆ నీళ్ళలోకి ఓడలు ఈ ఏడూ వెళ్తాయి.

బాబాయికి ఈ సంగతి చెబుదామని ఆస్టినాబాద్ వెళ్ళాను. అంతా విని తలాడించి, పిన్ని కంప్యూటరు తెరిచాడు. మంచు అడుగున మైకు దించి రికార్డు చేసిన చప్పుడు ఒకటి అందులో ఉందట, పిన్ని ఎప్పుడు వినమన్నా తను తర్వాత అనేవాడట. ఫ్యాన్ ఆపి, ఆ చప్పుడు పెట్టాడు. మొదట ఏమీ లేదు. తర్వాత ఎక్కడో దూరాన ఒక సీల్ ఈల. దాని వెనక బరువైన తలుపు కదిలినట్టు సన్నటి కిర్రు, ఆగి, మళ్ళీ కిర్రు.

బాబాయి కళ్ళు మూసుకుని చెవి దగ్గరగా పెట్టాడు.

"ఇది గడ్డకట్టే చప్పుడా, విరిగే చప్పుడా?" అని అడిగాడు.

నాకు తెలియదు. బయట వాన పడుతోంది. ఇద్దరం కదలకుండా వింటూ కూర్చున్నాం.