మత్తడి మీద మూరెడు కట్ట

1940వ సంవత్సరం, ఫసలీ లెక్కన పదమూడు వందల నలభై తొమ్మిది. నిజాం సర్కారు వారి తామీరాత్‌లో, అంటే రోడ్లూ భవనాలూ చెరువులూ చూసే శాఖలో, నేను ఓవర్సీయరుగా చేరి అప్పటికి ఎనిమిది నెలలు. మాది పాలమూరు దిక్కు. హైదరాబాదులో చదువు ముగించుకుని నల్లగొండ జిల్లాకు వచ్చాను. నకిరేకల్‌లో ఒక గది కిరాయికి తీసుకుని, చుట్టుపక్కల పదకొండు చెరువుల భారం నెత్తిన పెట్టుకుని సైకిలు మీద తిరిగేవాణ్ణి. వయసు ఇరవై మూడు. ఖాకీ నిక్కరు, తెల్లదొరలు పెట్టుకునే బెండు సోలా టోపీ. ఆ టోపీ పెట్టుకుంటే చాలు, నాకు తెలియనిది లేదనిపించేది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పుడు నవ్విన వాళ్ల మీద కోపం వచ్చేది.

చెరువు సంగతి తెలియని వాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. నీళ్లను ఆపేది మట్టి కట్ట. పొలాలకు నీళ్లు వదలడానికి ఆ కట్ట అడుగున రాతితో కట్టిన దారి తూము. చెరువు నిండాక ఎక్కువైన నీళ్లు దానంతట అవే దాటిపోయేందుకు ఒక పక్కన కట్ట కన్నా తక్కువ ఎత్తులో కట్టిన రాతి గోడ మత్తడి. ఈ మూడింటినీ ఏడాది పొడుగునా కనిపెట్టుకుని ఉండే మనిషి నీరటి. తూము తెరిచేదీ మూసేదీ అతనే. నేను చెప్పబోయేది ఆ పదకొండింటిలో ఒక చెరువు సంగతి. ఆ ఊరి నీరటి పేరు ఎల్లయ్య. యాభై ఏళ్లుంటాయి. ఇల్లు కట్ట కింద గూడెంలో. అక్కడ ముప్పై గుడిసెలు ఉండేవి.

అంతకు ముందు రెండేళ్లు వానలు లేవు. ఆ ఏడు శ్రావణంలో చెరువు మత్తడికి జానెడు దిగువ దాకా నిండింది. ఊరి పటేలూ మరో పదిమంది రైతులూ కట్ట మీద నన్ను చుట్టుముట్టారు. పటేలు పెద్ద మనిషి, మాట మెత్తన.

"సారు, మత్తడి మీద ఓ మూరెడు కట్ట పెట్టుకుంటం. గా మూరెడు నీళ్లు ఆగితే యాసంగి పంటకు గూడ ఫికర్ లేదు," అన్నాడు.

మత్తడి మీద రాళ్లూ మట్టిపెళ్లలూ పేర్చి నీళ్లు ఇంకొంచెం ఎక్కువ ఆపుకోవడం మా దిక్కు రైతులకు పాత అలవాటు. అది చేయనివ్వొద్దని మాకు గట్టి ఆజ్ఞ. కానీ రెండేళ్లు ఎండిన పొలాల వాళ్లు అడుగుతున్నారు. పైగా పదిమందీ నన్ను "సారు, సారు" అంటున్నారు. లెవెల్ యంత్రం దించి చూశాను. కట్ట పైఅంచుకూ నీళ్లకూ మధ్య వదలాల్సిన ఖాళీని ఫ్రీబోర్డు అంటాం. మూరెడు పోయినా రెండున్నర అడుగులు మిగులుతుందని తేలింది. చాలనుకున్నాను. "కానీయండి," అన్నాను. ఈ చెరువుకు ఎగువన ఇంకో రెండు చెరువులు ఉన్నాయి, వాటి మత్తడి నీళ్లన్నీ ఈ చెరువులోకే వస్తాయి. ఆ లెక్క నేను వేయలేదు.

ఎల్లయ్య అప్పుడు కట్ట ఏటవాలులో, మాకు పది అడుగుల కింద నిలబడి ఉన్నాడు. పటేలు ముందర పిలవందే పైకి వచ్చేవాడు కాదు, అడగందే నోరు తెరిచేవాడు కాదు. అది ఆ రోజుల పద్ధతి. నేను "కానీయండి" అన్నప్పుడు అతని పెదవి కదిలింది. నేను చూశాను. చూసి, టోపీ సర్దుకుని సైకిలు ఎక్కాను. ఆ ఒక్క క్షణం మీద నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

మూడు వారాల తర్వాత రెండు రోజులు ఆగకుండా వాన పడింది. మూడోనాడు పొద్దున కాస్త తెరిపి ఇచ్చింది. బురదలో సైకిలు సగం తొక్కి, సగం మోసి నేను ఊరు చేరేసరికి ఊరంతా కట్ట మీదే ఉంది. చెరువును కాచే కట్ట మైసమ్మకు మేకను కోశారు. డప్పులు మోగుతున్నాయి. మత్తడి మీద పెట్టిన మూరెడు కట్టను కూడా దాటి నీళ్లు పల్చగా దుంకుతున్నాయి. పటేలు నాకు ఎదురొచ్చి, "అంతా మీ దయ సారు, బువ్వ తిని పోవాలె," అన్నాడు. నా ఛాతీ ఎంత పొంగిందో చెప్పలేను.

అందరూ ఉన్నారు, ఎల్లయ్య లేడు. చెరువు నిండిన నాడు నీరటి కట్ట మీద లేకపోవడమేమిటని నాకు కోపం వచ్చింది. వెతుక్కుంటూ కట్ట వెనక్కి దిగాను. తూము దగ్గర, కట్ట అడుగున గొంతు కూర్చుని ఉన్నాడు. ముందర నేలలోంచి పిడికిలంత లావున నీళ్లు ఉబికి వస్తున్నాయి.

"ఏం చేస్తున్నవ్ ఈడ?" అని గద్దించాను.

"నీళ్లు చూస్తున్న సారు. ఎర్రగొస్తున్నయ్."

కట్ట కింద నీళ్లు ఊరడం ప్రతి చెరువుకూ ఉన్నదే. తేటగా వస్తే భయం లేదు. ఎర్రగా వస్తున్నాయంటే లోపల ఎక్కడో సన్నని దారి పడి, ఆ దారిలో నీళ్లు కట్ట మట్టినే మోసుకొస్తున్నట్టు. మా చదువులో దాన్ని పైపింగ్ అంటారు. పరీక్షలో దాని మీద రెండు పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. కళ్లతో చూడటం అదే మొదలు.

"ఎప్పటి సంది?"

"మొన్న పొద్దుగాల సంది. అప్పుడు సన్నగుండె."

"మరి ఎవరికీ చెప్పలేదా?"

"పటేలుకు చెప్పిన సారు. ఏటా కారేదే గదరా అన్నడు. మీకు కబురు పంపెతందుకు నేనెవన్ని?"

పైకి పరుగెత్తి నలుగురిని కేకేశాను. "బంకమట్టి తెండి, ఈ బొక్క మూసేయండి, గట్టిగా కూరండి!" వాళ్లు తట్టలకోసం ఉరికారు. ఎల్లయ్య లేచి పక్కకు జరిగాడు. నేలకేసి చూస్తున్నాడు. పెదవి మళ్లీ కదిలింది.

ఈసారి నా నెత్తిన టోపీ లేదు. ఎక్కడ పడిపోయిందో కూడా తెలియదు. అతని ముందు నిలబడి, "ఎల్లయ్యా, నువ్వు ఏదో చెప్పాలనుకుంటున్నవ్. చెప్పు. నా మాట తప్పైతే తప్పని చెప్పు," అన్నాను.

ఒక్క క్షణం నన్ను పరీక్షగా చూశాడు. తర్వాత ఆగకుండా మాట్లాడాడు.

"బయట మూస్తే లోపల కోస్తది సారు. గీ నీళ్లు ఇంకో జాగా ఎతుక్కుంటయి. నీళ్లను పోనియ్యాలె, మట్టిని ఆపాలె. గీడ ఇసుక పొయ్యాలె, దాని మీద సన్న కంకర, దాని మీద రాళ్లు. గది సగం పని. మత్తడి మీది కట్ట తీసి నీళ్లు దించాలె. ఆఖరుకు లోపల బొక్క దొరకవట్టి గాడ మూయాలె. అన్నిటికన్న ముందుగాల గూడెం ఖాళీ జెయ్యాలె."

పుస్తకంలో ఉన్నది కూడా ఇదే. నేను చదివిందే. భయం పుట్టినప్పుడు నాకు గుర్తు రాలేదు, అతనికి వచ్చింది. "నువ్వు ఈడ చెప్పు, వీళ్లు చేస్తరు. నేను మత్తడి కాడికి పోత," అన్నాను. తట్టలు తెచ్చిన రైతులు ఎల్లయ్య వైపు, నా వైపు మార్చి మార్చి చూశారు. "ఆయన ఏం చెప్తే అది చేయండి," అని గట్టిగా చెప్పాను. ఎల్లయ్య భార్య లచ్చమ్మ అప్పటికే గూడెంలో ఇంటింటికీ తిరిగి ముసలివాళ్లనూ పిల్లలనూ మిట్ట మీదికి ఎక్కిస్తోంది.

మత్తడి దగ్గర పటేలు, కట్ట తీసేయాలన్న నా మాట వినగానే డప్పులు ఆపించాడు. కానీ ఒప్పుకోలేదు.

"రెండేండ్లకు నిండింది సారు. చేతికొచ్చిన నీళ్లను పారబొయ్యమంటరా? కట్ట పెట్టుకోమన్నది మీరే గదా?"

పదిమందీ నన్నే చూస్తున్నారు. సర్కారు ఆజ్ఞ అని అరవొచ్చు. అరిస్తే వింటారన్న నమ్మకం లేదు.

"అవు, నేనే పెట్టుకోమన్న. తప్పు చెప్పిన. మీ అందరి ముంగట ఒప్పుకుంటున్న. తూము కాడ నీళ్లు ఎర్రగొస్తున్నయి పటేలా. నన్ను నమ్మకుంటే పోయి ఒక్క దోసెడు పట్టి చూడుండ్రి."

అని గడ్డపార అందుకుని నీళ్లలో దిగాను. మోకాళ్ల దాకా నీళ్ల తోపుడు, కాలి కింద పాకుడు రాయి. మొదటి రాయి పెకిలించే లోపు రెండుసార్లు పడ్డాను. ఒడ్డు మీద ఎవరూ కదల్లేదు. పటేలు మాత్రం తూము వైపు నడిచాడు. కొంచెం సేపటికి తిరిగి వచ్చాడు. దోసిట్లో ఎర్రటి మన్ను అట్లాగే అంటుకుని ఉంది. ధోవతి ఎగ్గట్టి, "ఏం జూస్తున్నర్రా, దిగుండ్రి!" అని తనే ముందు దూకాడు. మధ్యాహ్నం దాటేసరికి మూరెడు కట్ట ఆనవాలు లేకుండా పోయింది. మత్తడి మీద నీళ్లు హోరుమని దుంకాయి.

చెరువు మట్టం వేలెడు దిగింది, రెండు వేళ్లు దిగింది. అప్పుడు ఎల్లయ్య లోపలి బొక్క వెతికాడు. లచ్చమ్మ తెచ్చిన తట్టెడు ఊక తూముకు ఎదురుగా నీళ్ల మీద చల్లాడు. ఊక కొంచెం దూరం తేలి, ఒక చోట మెల్లగా సుడి తిరిగింది. "గాడ," అన్నాడు. నడుముకు మోకు కట్టుకున్నాడు. రెండో కొస నా చేతికిచ్చి, "రెండుసార్లు గుంజితే లాగుండ్రి. ఊకె లాగొద్దు," అని మునిగాడు.

మట్టి, గడ్డి దట్టించిన గోనె సంచులు ఒక్కొక్కటే తీసుకుని మునుగుతున్నాడు, పైకొచ్చి ఊపిరి తీసుకుంటున్నాడు. నాలుగో సంచితో మునిగినవాడు చాలాసేపు రాలేదు. మోకు కదల్లేదు. లచ్చమ్మ నా పక్కనే నిలబడి ఉంది, ఏడవడం లేదు, నీళ్లనే చూస్తోంది. ఆ బొక్క మనిషి కాలిని పట్టుకుంటే వదలదని నాకు తెలుసు. లాగాలా, ఆగాలా? "ఊకె లాగొద్దు" అన్న మాట పట్టుకుని ఆగాను. మోకు ఒకసారి బిగిసింది. ఇంకోసారి బిగిసింది. పక్కనున్న ఇద్దరూ చెయ్యి వేశారు, ముగ్గురం కలిసి లాగాం. దగ్గుతూ, తుమ్ముతూ పైకి వచ్చి, "పట్టింది సారు, సంచిని అదే గుంజుకున్నది," అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. పదిమంది ముందూ ఏడ్చాను కూడా. లచ్చమ్మ మాత్రం అతని తల తన కొంగుతో తుడుస్తూ తిట్టడం మొదలుపెట్టింది.

పొద్దు వాలకముందే తూము కింద ఇసుక మీదుగా వచ్చే నీళ్లు సన్నబడ్డాయి. ఎల్లయ్య దోసిట పట్టి నాకు చూపించాడు. తేటగా ఉన్నాయి. అరచేతి గీతలు కనిపిస్తున్నాయి. మిట్ట మీది నుంచి గూడెం వాళ్లు ఒక్కొక్కరే దిగి వచ్చి మళ్లీ పొయ్యిలు ముట్టించుకున్నారు. పైన మైసమ్మ దగ్గర వండిన బువ్వ పటేలు అక్కడికే పంపించాడు. నేను ఎల్లయ్య గుడిసె ముందర కూర్చుని తిన్నాను. అంత ఆకలి నాకు మళ్లీ ఎప్పుడూ వేయలేదు.

మర్నాడు జరిగింది జరిగినట్టు ఉర్దూలో రాసి పైకి పంపాను. మత్తడి మీద కట్టకు అనుమతి నాదేనని మొదటి వాక్యంలోనే రాశాను. ఉద్యోగం పోతుందని, పాలమూరు పోయి మా నాయనకు ఏం చెప్పాలా అని వారం రోజులు ఆలోచించుకున్నాను. ఎనిమిదోనాడు మొహతమీం సాబ్, అంటే మా పై ఇంజనీరు, స్వయంగా కట్ట మీదికి వచ్చారు. తెల్లగడ్డం, తక్కువ మాటలు. నన్ను ఏమీ అడగలేదు. నా కాగితం చేతిలో పట్టుకుని తూము దాకా దిగి, ఎల్లయ్యను అడిగారు.

"ఈ ఓవర్సీయరు ఏం చేసిండు?"

ఎల్లయ్య నా వైపు చూడలేదు. "మత్తడి మీద కట్ట పెట్టనిచ్చిండు. గది తప్పు. బొక్కను బయట మూయమన్నడు. గది గూడ తప్పు. గని నన్ను అడిగిండు సారు. అడిగినంక, చెప్పినట్టు చేసిండు."

మొహతమీం సాబ్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని నా వైపు తిరిగారు. "వచ్చే ఎండాకాలం ఈ తూము నువ్వే తిరిగి కట్టాలి. ఇతన్ని పక్కన పెట్టుకుని కట్టు," అన్నారు. అంతే. ఆయన మోటారు కనుమరుగయ్యేదాకా నిలబడి, తర్వాత కట్ట మీదే కూలబడ్డాను. బతికాను అనిపించింది.

ఆ ఎండాకాలం తూము కట్టాం. ఆ తర్వాత ముప్పై ఏళ్లలో ఎన్నో కట్టలు, వంతెనలు నా చేతుల మీదుగా లేచాయి. కొత్త ఇంజనీర్లు పైకి రావడానికి ఏం చదవాలని నన్ను అడుగుతుంటారు. వాళ్లకు నేను ఆ తూము పని రోజుల్లో జరిగిన ఒక చిన్న సంగతి చెబుతాను.

పునాది రాయికి నేను లెవెల్ చూసి గుర్తు పెట్టాను. పటేలు ఉన్నాడు, మేస్త్రీలు ఉన్నారు. ఎల్లయ్య నా పక్కనే కట్ట మీద నిలబడి, ఎవరూ అడక్కుండానే, "సారు, గీ లెక్క తప్పు. ఇంకో జానెడు కిందికి పోవాలె," అన్నాడు. పటేలు ముఖం మాడ్చుకున్నాడు. నేను యంత్రం మళ్లీ దించి, మొదటి నుంచి చూశాను. నా లెక్కే ఒప్పు, ఎల్లయ్యదే పొరపాటు. ఆ సంగతి యంత్రంలో చూపించి చెబితే తల గోక్కుని నవ్వాడు.

ఆ రాత్రి చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపోయాను. ఇక ఆ తూము కింద నీళ్లు ఎర్రబడితే, ఎవరూ అడక్కుండానే, ఆ పూటే ఎల్లయ్య నుంచి నాకు కబురొస్తుంది.