జులేఖా ఆంటీ కాలికింది బ్రేకు

ఉత్తరపు గాలి వీచిన మర్నాడు మెల్‌బోర్న్‌లో చినుకులు పడితే, అవి నీళ్ళుగా రావు, బురదగా వస్తాయి. ఎక్కడో దేశం నడుమనున్న ఎడారి నుంచి గాలి ఎత్తుకొచ్చిన ఎర్రదుమ్మంతా వాటిలో కలిసి దిగుతుంది. ఈ ఉదయం లేచేసరికి నా కారు అద్దం నిండా అలాంటి మచ్చలే. బకెట్టుతో నీళ్ళు కుమ్మరించాను. తడిసిన దుమ్ము వాసన, దానికి తోడు తెరిచిన తలుపులోంచి ఎండకు కాగిన సీట్ల వాసన. పాతగుడ్డ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. "ఇట్స్ జస్ట్ డస్ట్, మమ్," అంది నా కూతురు నిత్య గుమ్మంలోంచి. నేను తెలుగులో ఎంత మాట్లాడినా అది జవాబు ఇంగ్లీషులోనే ఇస్తుంది. నిజమే, వట్టి దుమ్మే. కానీ ఆ వాసన తగిలిన ప్రతిసారీ నేను ఓ తెల్లటి చిన్న కారులో, స్టీరింగ్ ముందు, చెమట పట్టిన చేతులతో కూర్చుని ఉంటాను. నా ఎడమ పక్క సీటులో జులేఖా ఆంటీ ఉంటుంది.

ఆమెది రాయచోటి. మెల్‌బోర్న్ శివార్లలోని క్లేటన్‌లో మా కుర్రకారుకంతటికీ డ్రైవింగ్ నేర్పేది. కంప్యూటర్ నేర్చినవాడికల్లా విమానం టిక్కెట్టు దొరుకుతుందన్న రోజుల్లో నేనూ అమీర్‌పేటలో కోర్సుల మీద కోర్సులు చేశాను. తీరా ఇక్కడ యూనివర్సిటీలో చేరేసరికి ఆ ఊపు కాస్తా చల్లారింది. పెళ్ళికి వెళ్ళేసరికి విస్తళ్ళు ఎత్తేస్తున్నట్టు ఉంది నా పని. మిగిలిన ఉద్యోగాలన్నీ ఊరి చివర, బస్సు కూడా పోని చోట్ల. లైసెన్సు లేకపోతే ఇంటర్వ్యూకే పిలవరు. ఇంట్లో నాతో ఉండే అమ్మాయిలు, "రాయచోటి ఆంటీ దగ్గరికి వెళ్ళు, తిడుతుంది గానీ నేర్పుతుంది," అన్నారు. ఆ రెండూ నిజమేనని మొదటిరోజే తెలిసింది. వీధి మలుపులో ఓ ముసలాయన కుక్కతో నడుస్తూ కనబడితే, తెనాలిలో మా బాబాయి స్కూటర్ నడిపే పద్ధతిలో మర్యాదగా హారన్ కొట్టాను. ఆయన ఉలిక్కిపడి, వెనక్కి తిరిగి నాకు ఓ వేలు చూపించాడు. ఇంకో మలుపు వచ్చింది, మళ్ళీ కొట్టాను.

"ఏం మే, పెండ్లి ఊరేగింపా?" అంది ఆంటీ.

"వస్తున్నామని చెప్పాలి కదా, ఆంటీ?"

"ఈడ హారన్ కొడితే తిట్టినట్టు. నువ్వు పొద్దున్నించి ఈ వీధినంతా తిడతానే ఉండావు," అని పకపకా నవ్వింది. నవ్వేటప్పుడు ఆమె చున్నీ జారిపోయేది, తను చెనిక్కాయలనే వేయించిన వేరుశెనగల పొట్లం ఒళ్ళోంచి కింద పడేది.

ఆమెకు బండి నేర్పింది వాళ్ళ నాయన. ఆయనకు లారీ ఉండేది. ఎండాకాలం ఏరు ఎండిపోయాక, ఆ ఇసుకలో దించి కూతురికీ, కొడుకు మస్తాన్‌కీ నడపడం నేర్పాడట. ఆడపిల్ల లారీ నడపడమేమిటని అనేవాళ్ళు ఇసుకలోకి రారు కదా! వాళ్ళ ఇంట్లో మాట్లాడుకునేది ఉర్దూ. కానీ నాయన పాఠం తెలుగులో చెప్పాడు గనుక, బండ్ల సంగతి, దారి సంగతి వచ్చేసరికి అక్కాతమ్ముళ్ళిద్దరూ తెలుగులోకి దిగిపోయేవాళ్ళు. ఆంటీ కళ్ళు సగం మూసుకుని ఆ ఏటి గురించి చెబుతుంటే, క్లేటన్ వీధులూ, పచ్చగడ్డీ, పోస్టుడబ్బాలూ అన్నీ కరిగిపోయి, తెల్లటి ఇసుకలో ఓ లారీ పడవలా ఊగుతూ పోతున్నట్టు నాకు కనబడేది.

ఆమె పద్ధతి ఒకటి చెప్పాలి. నేర్పేవాళ్ళ కారులో పక్క సీటు కింద కూడా ఓ బ్రేకు ఉంటుంది. మొదటి పాఠాల్లో ఆమె కాలు దాని మీదే ఉండేది. ఓ రోజు ఉన్నట్టుండి చెప్పులు విప్పి, కాళ్ళు రెండూ సీటు మీదికి తీసుకుని బాసింపట్టు వేసుకుని కూర్చునేది. అప్పటికి మనం నేర్చుకున్నట్టు లెక్క. క్లేటన్‌లో మేమంతా "ఆంటీ కాళ్ళు పైకి పెట్టిందా?" అని ఒకరినొకరం అడిగేవాళ్ళం. రూలు ఒప్పుకోదు, నాకూ తెలుసు. కానీ ఆమె కాళ్ళు పైకి వెళ్ళిన రోజు నా వెన్నెముక దానంతటదే నిటారుగా అయింది. నా ప్రాణం, ఆమె ప్రాణం నా చేతుల్లో పెట్టి ఆమె చెనిక్కాయలు వలుచుకుంటోంది. అంతకు ముందు నన్ను ఎవరూ అంతగా నమ్మలేదు.

పరీక్ష దగ్గర పడిన రోజుల్లో, 2003 మార్చిలో, ఇరాక్ మీదికి సైన్యాలు కదిలాయి. యూని మైదానంలో పిల్లలు అట్టముక్కల మీద నినాదాలు రాసుకుని తిరుగుతున్నారు. నాకు అదంతా దూరపు సంగతి. ఆ ఉదయం పాఠానికని ఆంటీ ఇంటికి వెళ్తే, ఆమె టీవీకి జానెడు దూరంలో నేలమీద కూర్చుని ఉంది. అక్కడ ఇంకా రాత్రి. చీకట్లో తీసే కెమెరా కాబోలు, తెరంతా పాచిరంగు ఆకుపచ్చ. కువైట్ సరిహద్దులో ఇసుకగట్టును తెగ్గొట్టి దారి చేశారు. ఆ సందులోంచి ట్యాంకులు, వాటి వెనక లారీలు, చప్పుడు లేకుండా ఒకదాని వెంట ఒకటి పోతున్నాయి. నిద్రలో నడిచేవాళ్ళలా ఉన్నాయి.

"మస్తాన్ ఉండాడేమో చూస్తాండా," అంది, తల తిప్పకుండా.

అప్పుడు తెలిసింది. మస్తాన్ కువైట్‌లో నీళ్ళ ట్యాంకరు డ్రైవరు. వాళ్ళ కంపెనీ ట్యాంకర్లను సైన్యం అద్దెకు తీసుకుని సరిహద్దుకు తరలించింది. ఆ తర్వాత అతని నుంచి ఫోను లేదు. తెరమీద ట్యాంకరు కనబడినప్పుడల్లా ఆమె ముందుకు వంగేది. కుడిపాదం మాత్రం తివాచీని గట్టిగా నొక్కుతూనే ఉంది. తను నొక్కుతున్నట్టు ఆమెకు తెలియదు.

ఆ రోజు నుంచి పాఠాల్లో ఆమె కాలు కిందికి దిగింది. ఎర్రలైటు అల్లంత దూరాన ఉండగానే బ్రేకు. పక్కసందులోంచి సైకిలు ముక్కు కనబడితే బ్రేకు. ఆ కుదుపులకు నా చేతులు బిగుసుకుపోయి, వచ్చిన డ్రైవింగ్ కూడా మరిచిపోసాగాను. "ఆంటీ, నేను చూస్తున్నాను," అంటే, "చూస్తాండావులే," అని మళ్ళీ నొక్కేది. నాకు కోపం రాలేదు, భయం వేసింది. కొండలాంటి మనిషి కళ్ళముందే కదిలిపోతోంటే ఎవరికైనా భయమే కదా.

వారం చివర మధ్యాహ్నం, "కేరమ్ డౌన్స్ గుడిదాకా పోదాం పద, పెద్దరోడ్డు అలవాటయితాది," అంది. దారికి అటూ ఇటూ ఎండిన గడ్డి మైదానాలు, వేడిగాలి. గాలి తోసినప్పుడల్లా కారు కొంచెం పక్కకు జరిగేది. రేడియోలో ఎవరో మెత్తటి గొంతుతో యుద్ధం చేరిన ఊళ్ళ పేర్లు చదువుతున్నాడు. ఎండలో రోడ్డు చివర నీళ్ళలా మెరుస్తుంటే, మేం ఎటు పోతున్నామో, ఏ దేశంలో ఉన్నామో నాకే అర్థం కాలేదు. గుడి దగ్గర కారు ఆపాక ఆమె దిగలేదు. "నువ్వు పొయ్యిరా మే. మీ సామికి గూడా వాని మాట ఒకటి చెప్పు. ఈడ మా దర్గా ల్యా," అంది.

నేను దండం పెట్టుకుని వచ్చేసరికి ఆమె చెవి దగ్గర ఫోను ఉంది. ఉర్దూలో ఏడుస్తూ, తిడుతూ, ముద్దుచేస్తూ మాట్లాడుతోంది. మస్తాన్! నాకు అర్థమైనంతవరకు, సరిహద్దుకు ఇవతల శిబిరంలోనే ఉన్నాడు, ఇంకా గట్టు దాటలేదు. నేను చప్పుడు చేయకుండా నా సీట్లో కూర్చున్నాను. ఇంతలో ఆమె మాట తెలుగులోకి మారింది.

"రేపా? పొమ్మంటాండారా? ఇష్టంలేనోళ్ళు ఉండిపోవచ్చునా... ఉంటే పని పోతాదా." గుడిగంట ఎవరో కొడుతున్నారు. ఆమె కాలు బ్రేకు మీద ఉంది, కండరం బిగిసి వణుకుతోంది. తర్వాత మెల్లగా కాలు తీసి, రెండూ పైకి లాక్కుని బాసింపట్టు వేసుకుంది.

"పో, నాయనా. టైర్లలో గాలి కొంచెం తీసెయ్. ఇసకలో బ్రేకు తొక్కొద్దు, నాయన చెప్పినాడు కదా. ముందు బండి జాడలోనే పో."

ఆమె ఫోను పెట్టేసింది. "వద్దని నోటిదాకా వచ్చింది మే," అంది.

"మరెందుకు అనలేదు, ఆంటీ?"

"వాడు పొయ్యేదానికే మనసు చేసుకున్యాడు. పొయ్యేటోనికి మన బయం మూటగట్టి ఇయ్యకూడదు. ఆ మూట ఒళ్ళో పెట్టుకోని స్టీరింగ్ తిప్పితే చెయ్యి వణుకుతాది." కళ్ళు తుడుచుకుని, "నడుపు," అంది.

ఆ తర్వాతి రోజుల్లో అక్కడ ఇసుకతుఫాను లేచింది. టీవీలో ఆకాశం, నేల అంతా నారింజరంగు. అందులో మనుషులు నీడల్లా తేలుతున్నారు, బండ్లు ఆగిపోయాయి. మస్తాన్ ఫోను లేదు. అయినా ఆంటీ ఒక్క పాఠం మానలేదు, కాళ్ళు ఒక్కసారీ కిందికి దించలేదు. మోకాళ్ళను రెండు చేతులతో పట్టుకుని కూర్చునేది. ధైర్యమంటే కాళ్ళు వణకకపోవడం కాదనీ, వణికే కాళ్ళను పట్టుకుని కూర్చోవడమనీ నేను అక్కడే నేర్చుకున్నాను. తుఫాను వెలిశాక మస్తాన్ ఫోను చేశాడు. క్షేమంగా కువైట్ చేరాడు. నా పరీక్ష కూడా ఆ రోజుల్లోనే పాసయ్యాను. ఉద్యోగం వచ్చింది, జీవితం గడిచింది. నేను ప్రేమించిన మనిషి అప్పు చేసి సొంత వ్యాపారంలోకి దిగినా, నిత్య మొదటిసారి ఒంటరిగా రైలెక్కినా, నా భయాన్ని నా దగ్గరే ఉంచుకుని "వెళ్ళు" అన్నాను. అలా అనగలిగినందుకు కొంచెం గర్వపడ్డాను కూడా.

కొన్నేళ్ళ కిందట ఆంటీ జబ్బుచేసి పోయింది. నలభయ్యో దినానికి రాయచోటి నుంచి మస్తాన్ వచ్చాడు. గడ్డం నెరిసిన, మెత్తటి మనిషి. ఊళ్ళో బట్టల అంగడి పెట్టుకున్నాడు. సమాధి దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. తిరిగి వస్తుంటే, "మీరు నడుపుతారా, అన్నా? ఆంటీ మీ డ్రైవింగ్ గురించి ఎంత చెప్పేదో," అన్నాను.

"కువైట్ నుంచి వచ్చినాక స్టీరింగ్ ముట్టల్యా, చెల్లీ," అన్నాడు. కిటికీలోంచి చూస్తూ చాలా దూరం వచ్చాక మళ్ళీ తనే అన్నాడు: "ఆ పొద్దు అక్క వద్దంటాదనే ఫోను చేసినా. ఒక్క మాట అనుంటే, మా అక్క ఒప్పుకోల్యా అని కంపెనీకి చెప్పి ఉండిపోదామనుకున్యా. మగోన్ని, బయమయితాందని నా నోటితో ఎట్ల చెప్పేది?"

"ఆంటీకి చెప్పారా?" అన్నాను.

"చెప్పల్యా. నా తమ్ముడు ఎడారి దాటినాడని అందరికీ చెప్పుకుంటా ఉండె. అక్కది తప్పు గాదు, చెల్లీ. నేను చెప్పల్యా, ఆమె అడగల్యా. అంతే."

చాలాకాలం మనసులో ఆంటీతో పోట్లాడాను. ఒక్కమాట అడగవలసింది కదా అన్నాను. ఆ కాళ్ళు పైకి తీసుకోవడానికి ఆమె ఎంత ఓర్చుకుందో కళ్ళారా చూసినదాన్ని, నేనే ఆమెను తప్పుపట్టడం నాకే బాధగా ఉండేది. వెళ్ళేవాళ్ళకి మన భయం మూటగట్టి ఇవ్వకూడదన్న ఆమె మాటే ఇప్పటికీ నా మాట. మస్తాన్ చెప్పింది విన్నాక, దానికి తోడు ఒక్కమాట అడగడం చేర్చుకున్నాను.

ఈ మధ్యాహ్నం నిత్య నా పక్కన మెట్టుమీద కూర్చుంది. దేశానికి ఆ చివర, ఎడారిలో, ఇనుపగనిలో దానికి ఇంజనీరు ఉద్యోగం వచ్చింది. నెలల తరబడి అక్కడే ఉండాలి. "ఐ థింక్ ఐ షుడ్ గో. ఆర్ యూ ఓకే విత్ ఇట్?" అని, నా ముఖంలోకి కాకుండా గోళ్ళకేసి చూసుకుంది. వెళ్ళమనే మాట నా నోట్లో సిద్ధంగా ఉంది. కానీ ఈసారి అదొక్కటే అనలేదు.

"వెళ్ళు, తల్లీ. నాకేం భయం లేదు. కానీ ఒకటి చెప్పు. నేను వద్దంటే బాగుండునని ఉందా నీకు?"

నిత్య తల నా భుజం మీద పెట్టింది.

"కొంచెం," అంది, తెలుగులో.